మోటారు ఆపి ఉన్నప్పటికీ

మార్చి 3, సోమవారం

సెలవు అయిపోయింది. ఆఫీసుకి వెళ్ళాను. నా టేబుల్ ఎవరో తుడిచి పెట్టారు. పక్క గదిలో ఎవరో నవ్వబోయి, నేను వచ్చానని గుర్తొచ్చి ఆపుకున్నారు. నవ్వి ఉంటే బాగుండేది.

మొదటి ఫైలే అది. సైకిల్ బాట మీద ఎలక్ట్రిక్ సైకిళ్ళ నిషేధం. ఆరు నెలల ట్రయల్ ఈ నెలాఖరుతో సరి. శాశ్వతం చేయాలా, మార్చాలా, ఎత్తేయాలా అన్నది ఇరవై ఆరున కౌన్సిల్ తేలుస్తుంది. నోట్ పెట్టాల్సింది నేను. ఆ నిబంధన డ్రాఫ్ట్ చేసిందీ నేనే.

మార్చి 4

రాసి పెట్టుకుంటే తప్ప తల నిలవడం లేదు.

బాట మూడు కిలోమీటర్లు. నడిచేవాళ్ళకీ సైకిళ్ళకీ కలిపి అదొక్కటే. ఎలక్ట్రిక్ సైకిళ్ళు వచ్చి గుద్దుతున్నాయని ఫిర్యాదులు. కమిషనర్ నిబంధన రాయమన్నారు. మోటారు అమర్చిన సైకిళ్ళు బాట మీదకి రాకూడదు అని రాశాను. అక్కడ ఆపితే సరిపోయేది. మోటారు ఆపేసి తొక్కుతున్నాం అని ఎవరైనా అంటే కాపలావాడు ఏం చేస్తాడు? అందుకని ‘మోటారు ఆపి ఉన్నప్పటికీ’ అని చేర్చాను. చేర్చమని ఎవరూ అడగలేదు. ఆ మూడు మాటలూ నా సొంతం.

మా ఆవిడకి మోకాళ్ళ నొప్పి. రక్తపరీక్షల ల్యాబ్‌లో రోజంతా నిలబడి చేసే పని. ఎలక్ట్రిక్ సైకిల్ నేనే కొనిపెట్టాను. నిబంధన అమల్లోకి వచ్చిన రోజు అడిగింది, మోటారు ఆపేసి మెల్లగా తొక్కుకుంటూ పోతే మీవాడు పట్టుకుంటాడా అని. పట్టుకుంటాడు అన్నాను. కాస్త గర్వంగానే అని ఉంటాను. సరే రూల్సుగారూ అంది. మర్నాటి నుంచి మెయిన్ రోడ్డు మీద వెళ్ళింది.

జనవరి 21. వంతెన దిగే మలుపు. లారీ.

మార్చి 6

ల్యాబ్ నుంచి ఫోన్. ఆమె లాకర్ తాళం తెచ్చివ్వమన్నారు. ఎక్కడ పెట్టిందో తెలియదన్నాను. నా జేబులోనే ఉంది.

మార్చి 7, శుక్రవారం

నా జూనియర్‌ని ఆఫీసులో ఫుల్‌స్టాప్ అంటారు. వాడు నోరు విప్పాడంటే ఆ మాట అక్కడితో అయిపోయినట్టే. ప్రమాదాల పట్టిక తెచ్చాడు. బాట మీద, నిషేధానికి ముందు ఆరు నెలల్లో పద్నాలుగు. తర్వాత రెండు.

మెయిన్ రోడ్డు లెక్క ఏదని అడిగాను. రోడ్డు మనది కాదు సార్ అన్నాడు. నిజమే. అది రోడ్ల శాఖది.

ఆ పట్టికలో ఆమె ఎక్కడా లేదు. ఏ గళ్ళు ఉండాలో సెప్టెంబరులో గీసి ఇచ్చింది నేనే.

మార్చి 11

వాకర్ల సంఘం అధ్యక్షుడు ఇంటికి వచ్చాడు. పోయినేడు ఎలక్ట్రిక్ సైకిల్ గుద్ది తుంటి ఎముక విరిగిన మనిషి. మూడంతస్తుల మెట్లూ కర్రతో ఎక్కాడు. ఒకటే ఆయాసం. మంచినీళ్ళు తాగి, ఏమనాలో తెలియక, ఏం మనుషులమండీ మనం అన్నాడు. తర్వాత తన సంగతి చెప్పాడు. నాలుగు నెలలు మంచం దిగలేదట. ఇప్పుడు వెనక నుంచి ఏదొచ్చి పడుతుందోనన్న భయం లేకుండా నడుస్తున్నాడట. మీ పుణ్యమే అన్నాడు.

ఆయన మీద కోపం తెచ్చుకుందామని చూశాను. రాలేదు. దిగేటప్పుడు చెయ్యి పట్టుకుని దింపాను.

మార్చి 13, సాయంత్రం

వంతెన మలుపు దగ్గర గంటసేపు నిలబడ్డాను. ముప్పై ఒక్క ఎలక్ట్రిక్ సైకిళ్ళు. లారీ హారన్ కొట్టినప్పుడల్లా అందరూ ఒకేలా భుజాలు ముడుచుకుంటున్నారు. ఒకావిడ వెనక సీట్లో స్కూలు పిల్ల. ఆ పిల్ల కూడా ముడుచుకుంది.

ఇంటికొచ్చి నోట్ రాశాను. నిషేధం ఎత్తేయమనలేదు. మోటారు ఆపి తొక్కేవాళ్ళని బాట మీదకి రానివ్వండి అన్నాను. మూడు మాటలు కొట్టేస్తే చాలు. ఆ ముసలాయనకీ భయం ఉండదు, ఈవిడకీ లారీ ఉండదు.

మార్చి 14

కమిషనర్ పిలిచి తలుపు వేశారు. ఆయనే గ్లాసులో నీళ్ళు పోసిచ్చారు. నోట్ బాగుందట, కానీ మీరు పెట్టకూడదు కదా అన్నారు. సొంత నష్టం ఉన్న ఫైలు ఆ ఉద్యోగి చూడకూడదని సర్క్యులర్ ఉంది. నాలుగేళ్ళ కిందట నేను రాసిందే. ఎక్కడా సందు లేకుండా రాశాను.

ఫైలు ఫుల్‌స్టాప్‌కి వెళ్ళింది.

మార్చి 16, ఆదివారం

మరదలు వచ్చింది. అక్క బట్టలు సర్దుతానని వచ్చి, అలమర తెరిచి, మూసేసింది. నోట్ సంగతి చెప్పాను. చేతులు కాలాక ఆకులా బావా అంది. ఆ మూడు మాటలు కొట్టేస్తే మా అక్క సైకిల్ దిగి లోపలికొస్తుందా అంది. రాదు, ఇంకొకావిడ ఇంటికి చేరుతుంది అన్నాను. ఏ ఇంకొకావిడ అంది.

తర్వాత ఏడ్చింది. నేను టీ పెట్టాను. చక్కెర డబ్బా వెతికి తీసి ఇచ్చింది కూడా తనే.

మార్చి 19

ఉద్యోగిగా కుదరదు కాబట్టి పౌరుడిగా అర్జీ పెట్టుకున్నాను. కింద కౌంటర్లో, లైన్లో నిలబడి. గుమాస్తా లేచి నిలబడ్డాడు. కూర్చోమన్నాను. కౌన్సిల్‌లో మూడు నిమిషాలు మాట్లాడనిస్తారట.

మార్చి 24

అద్దం ముందు చదివి చూసుకున్నాను. రెండు నిమిషాల యాభై సెకన్లు. ఆమె పేరు దగ్గర ఆగిపోతున్నాను. పేరు తీసేసి ‘నా భార్య’ అని పెట్టాను. రెండు నలభై.

మార్చి 26, బుధవారం

ఎజెండాలో నాలుగోది. మాట్లాడాను. ముప్పై ఒక్క సైకిళ్ళ గురించి చెప్పాను. భుజాల గురించి చెప్పాను. మూడు మాటలు చదివి వినిపించాను. ఎవరూ అడ్డు చెప్పలేదు, ఏమీ అడగలేదు. అందరూ తలలు దించుకున్నారు. ప్రశ్నలు వేస్తారని ఇరవై కాగితాలు పట్టుకెళ్ళాను.

ఒక సభ్యుడు లేచి, మన ఆఫీసరుగారి సతీమణికి నివాళిగా ఒక నిమిషం మౌనం పాటిద్దాం అన్నాడు. అందరూ లేచారు. వాకర్ల సంఘం ఆయన కర్ర మీద బరువు వేసి చివరిదాకా నిలబడ్డాడు.

మౌనం ఒక నిమిషం. ఓటు అంత కూడా పట్టలేదు. నిషేధం యథాతథంగా శాశ్వతం. ఏకగ్రీవం.

బయటికొస్తుంటే ముగ్గురు నా చెయ్యి పట్టుకున్నారు. ముగ్గురివీ వెచ్చటి చేతులు.

మార్చి 28

ఫుల్‌స్టాప్ ఫైనల్ కాపీ తెచ్చాడు. మీ కన్ను పడితే మంచిది, తప్పులేమైనా ఉన్నాయేమో చూడండి సార్ అన్నాడు. రెండుసార్లు చూశాను.

తప్పులు లేవు.

ఏప్రిల్ 1, ఉదయం 6.40

బాటకి వెళ్ళాను. కొత్త బోర్డు పెట్టారు. పది నిమిషాల్లో తొమ్మిది ఎలక్ట్రిక్ సైకిళ్ళు దాని పక్కనుంచే పోయాయి. కాపలావాడు నాకు సెల్యూట్ కొట్టి, ఏడు లోపు ఎవర్నీ ఆపం సార్, పాపం పనులకి పోయేవాళ్ళు అన్నాడు. మొదట్నుంచీ అంతేనట. అక్టోబరులో ఒకావిడ సైకిల్ దిగి మరీ అడిగిందట, మోటారు ఆపేసి మెల్లగా తొక్కుకుంటూ పోవచ్చా అని. ఫర్లేదు పొండమ్మా అన్నాడట. వద్దులే అని వెనక్కి తిప్పుకుందట.