ఆయుధాల పట్టీలో చేరని ఫిరంగి

మద్రాసు,
ఆదివారం.

పూజ్యులైన అన్నయ్యగారికి,

తమ్ముడు ప్రసాదు వందనాలతో రాయునది. ప్రభువు దయవల్ల నేను కులాసా. అమ్మ మోకాళ్ల నొప్పి ఎలా ఉంది? వదినగారు, పిల్లలు బాగున్నారని తలుస్తాను.

ఇక్కడ ఉక్క తగ్గలేదు. కాలేజీకి సక్రమంగా వెళ్తున్నాను, దిగులు పడకండి. హోటలు సాంబారుతో నోరు చచ్చిపోయింది. ఎవరైనా ఇటు వస్తుంటే కాస్త ఆవకాయ పంపండి. సాయంత్రాలు సినిమా స్టూడియో సామాన్ల కొట్టులో రాతపని చేస్తున్నానని రాశాను కదా. అక్కడ ఒక తప్పు చేశాను. మీరు పటాలంలో ఫిరంగుల దగ్గర పనిచేసిన మనిషి, మీకే చెప్పుకోవాలి.

యుద్ధం సినిమాకి వాడిన ఆయుధాలకు పట్టీ రాయమని మేనేజరుగారు పురమాయించారు. కత్తులు, బల్లేలు, తుపాకులు... ఒక్కోదానికి సరైన పేరు వెతికి రాస్తుంటే ఎంత సంతోషమో! చివరికి చక్రాల ఫిరంగి మిగిలింది. దాన్ని చెక్కతో చేసింది నూకరాజుగారు. ఒకప్పుడు అంతర్వేదిలో పడవలు కట్టిన వడ్రంగి, నన్ను సొంత మనిషిలా చూస్తారు.

"ఆయుధం అంటే చేత్తో పట్టేదండీ. దీన్ని నలుగురు తోస్తారు. ఇది బండి కింద లెక్క," అన్నాను.

"ఆయ్, దీనెదురుగా నిలబడి చెప్పండి బాబూ ఆ మాట! ఊళ్లు కూల్చేది ఆయుధం కాకపోతే వంటసామానాండీ?"

కొట్టులో అందరూ నవ్వారు. "సరేనండీ, ఆయుధమనే రాస్తాను," అన్నాను. కానీ పౌరుషం కొద్దీ సెట్టు సామాను పట్టీలో రాసేశాను. మీ ఎడమ చెవి ఆ ఫిరంగుల మోతకే పోయిందని తెలిసీ అలా రాశాను, అన్నయ్యా.

షూటింగు అయ్యాక ఆయుధాలను గదిలో పెట్టి తాళం వేస్తారు. సెట్టు సామాను మాత్రం విరగ్గొట్టి, ఆ చెక్క ఇంకో సెట్టుకి వాడతారు. ఈ సంగతి నాకు తెలుసు. రాసేటప్పుడు మనసులో నా మాట నెగ్గాలన్నదే ఉంది.

నిన్న వెళ్లేసరికి ఫిరంగి ముక్కలై పడి ఉంది. నూకరాజుగారు ఆ చెక్కల్లోంచి మేకులు పీకుతున్నారు. ఆ గొట్టం నునుపు తేలేదాకా ఆయన ఎన్ని రోజులు చిత్రిక పట్టారో చూసినవాణ్ని.

"ఎవరో చూసుకోకుండా సెట్టు సామాన్లో రాసేసుంటారండీ. మీరుంటే ఇలా కానిద్దురా?" అన్నారు. మంచి పలకలు రెండు ఏరి పక్కన పెట్టారు. "మీ పుస్తకాలు నేలమీదుంటున్నాయి కదండీ, అర చేసిపెడతాను."

రేపు ఆయన రంపం పట్టేలోగా నిజం చెప్పెయ్యాలి. నాకు ఆ ధైర్యం కలగాలని అమ్మను, మిమ్మల్ని ప్రార్థన చెయ్యమంటున్నాను. పెద్దలందరికీ నా వందనాలు, పిల్లలకు ముద్దులు.

మీ ఆశీస్సులు కోరే తమ్ముడు,
ప్రసాదు