పేకాట బల్ల కాళ్ల మీది ముఖాలు

ఈ కొయ్యసామాన్ల కొట్టు హక్కుదారును, చెక్కడం పనివాడి భార్యను, పాలిష్ పనిలోనే జుట్టు నెరిసినదాన్ని అయిన నేను, పూర్తి తెలివితో, ఎవరి బలవంతమూ లేకుండా రాస్తున్న వీలునామా ఇది. ఇంతకుముందు రాసినవేవీ చెల్లవు. ముసలిదానికి మతి తప్పిందని నా కోడలు అంటుంది. అననివ్వండి, నోరొక్కటే ఆవిడ సొంత ఆస్తి.

1. కొట్టు, దాని పై వాటా నా పుట్టింటివారు నా పేర రాసినవి. రెండూ మా అబ్బాయికి. వాడికి మేకు కొట్టడం కూడా రాదు కాబట్టి కొట్టు అద్దెకిచ్చుకుని బతకవచ్చు. వాళ్ల నాన్నను చివరిదాకా పై వాటాలోనే ఉంచుకోవాలి. ఈ వీలునామా అమలు బాధ్యత కూడా వాడిదే.

2. కోడలికి నా చెవి దుద్దు. రెండోది పోయింది. ఏ చెవికి పెట్టుకోవాలో ఆవిడ ఇష్టం.

3. మనవరాలికి నా ఊలు శాలువా. దాన్ని ఉతకవద్దు. వార్నిష్ వాసన తగిలితే తప్ప ఆ పిల్లకు నా పక్కన నిద్ర పట్టేది కాదు.

4. ఇక వాల్‌నట్ కర్ర పేకాట బల్ల. పాత రాజుల కాలపు తీరును అనుకరిస్తూ మా పెళ్లయిన కొత్తలో మా ఆయన చెక్కినది. పై పలక మడత పడుతుంది, లోపల పరిచింది పచ్చ బనాతు గుడ్డ, కాలికొక ఆడముఖం. అది నా ముఖమేనని అందరూ అంటే మురిసిపోయి వారం వారం మైనం పెట్టి తుడిచాను. ఇలాంటి బల్లకు కుడి కాళ్ల ముఖాలను ఎడమవాటికి అద్దంలో బొమ్మలా తిరగేసి చెక్కాలి. నిన్న పనిలో చేరినవాడికైనా తెలిసిన సంగతే. మా ఆయన మాత్రం నాలుగింటికీ ఎడమ బుగ్గ మీదే సొట్ట పెట్టాడు. దాన్ని కుడి బుగ్గకు జరపడానికి ఆయనకు మనసొప్పలేదు. నాకు బుగ్గన సొట్ట లేదు. నా చెల్లెలికి ఉంది, ఎడమవైపు. వాళ్ల మధ్య ఏం నడిచిందో నేను అడగలేదు, వాళ్లు చెప్పలేదు.

వచ్చినప్పుడల్లా అది, "అక్కా, ఆ బల్ల నాకిచ్చెయ్యవే, నువ్వేమైనా పేకాడతావా ఏంటి?" అనేది. సరే, బల్ల దానికే. దాని ముందు కూర్చుని తన ముఖం వెతుక్కోమనండి.

5. మా ఆయనకు. చూపు పోయాక ఆయన రోజూ ఆ బల్ల పక్కన చేరి ముఖాలను వేళ్లతో తడిమేవాడు. అది చూసి నేను మైనం మానేసి గరుకు కాగితం పట్టాను. ముందు సొట్ట పోయింది, తర్వాత ముక్కు, ఆపైన పెదవులు. ఇప్పుడు ఆ ముఖాలు నాలుగూ ఒలిచిన కోడిగుడ్లలా ఉన్నాయి. "నా వేళ్లు చచ్చిపోయాయే, ఏమీ తెలియట్లేదు" అని ఆయన ఏడ్చాడు. కళ్లు లేకపోయినా చేతి గుర్తుతో చెక్కుతూ వచ్చినవాడు, ఆ రోజుతో ఉలి వదిలేశాడు. "వయసు కదండీ" అన్నాను.

బల్ల గడప దాటాక, మా అబ్బాయి ఈ అంశాన్ని ఆయన చెవి దగ్గర కూర్చుని నిదానంగా చదవాలి. ఆయన వేళ్లకు ఏ జబ్బూ లేదు.

తేదీ: నవంబరు పద్నాలుగు, మధ్యాహ్నం.

నా చేవ్రాలు: పై అంశాలన్నీ రాసినది నేనే.

సాక్షులు: ఎదురు కొట్టు అద్దాల పనివాడు, నా పళ్లు కట్టిన డాక్టరమ్మ.