వేడెక్కిన చిప్‌కు విసనకర్ర

శనివారం రాత్రి, తిరువూరు

నా ల్యాప్‌టాప్‌లో గ్రాఫిక్స్ చిప్‌కు జ్వరం తగ్గలేదు. చిప్ మీద వేడిని లాగేసే పేస్టు ఎండిపోయిందనీ, కొత్తది సోమవారానికి గానీ రాదనీ షాపతను తీర్పు చెప్పాడు. తాతయ్య జ్ఞాపకార్థ కూడిక రేపే. అక్కడ చూపించాల్సిన ఆయన వీడియో సగం తయారయ్యేసరికి ల్యాప్‌టాప్ ప్రతిసారీ ప్రభువునందు నిద్రిస్తోంది.

మధ్యాహ్నం దాన్ని రెండు ఇటుకల మీద నిలబెట్టి, భక్తిశ్రద్ధలతో విసనకర్ర అందుకున్నాను. నాయనమ్మ వచ్చి లాక్కుంది.

"ఈగలు తోలుతున్నావేంట్రా? ఇటియ్యి."

మంచం పట్టిన తాతయ్యకు నెలల తరబడి విసిరిన చెయ్యి అది. తెర మీద ఆయన ఫొటోలు ఒక్కొక్కటే వస్తుంటే, ఆవిడ తొందరపడకుండా, ఆగకుండా విసిరింది. ఈసారి వీడియో చివరిదాకా వచ్చింది. ఆఖరి ఫొటోలో తాతయ్య నవ్వుతూ నిలిచిపోయాడు.

"అయిపోయింది నాయనమ్మా, ఇంక ఆపు."

"ఉండరా, ఇంకా వేడిగానే ఉంది," అంది, ఆయన ముఖం మీంచి చూపు తిప్పకుండా.

నాకు ల్యాప్‌టాప్ మూసెయ్యడానికి మనసు రాలేదు. రేపు అంతమందిలో ఆ ముఖం గోడంత పెద్దదై కనబడితే, ఆవిడ ఊరికే ఎలా కూర్చుంటుందో...