ఆరో గ్లాసు

పిన్నికి,

"ఇంత చదివి హోటల్లో మందు పోస్తావా?" అని రాశావు. పోయడం చిన్న పని, పిన్నీ. మనిషినీ భోజనాన్నీ చూసి ఏ వైన్ నప్పుతుందో చెప్పడం నా ఉద్యోగం. నలుగురిలో కలుపుగోలుగా మాట్లాడటం రాకపోయినా నాకు మనిషిని చూడటం వచ్చు.

పోయిన శనివారం ఒక ఆఫీసు నుంచి ఆరుగురు వచ్చారు. వాళ్ల పెద్దాయన అందరికీ ఒకే సీసా తెప్పించాడు. ఐదు గ్లాసులు నింపి ఆరో గ్లాసు దగ్గరికి వెళితే, అక్కడ కూర్చున్నాయన దాన్ని అరచేత్తో మూసి, "మానేసి ఎనిమిది నెలలైందమ్మా. ఒక్క గుక్క పడితే మళ్లీ మొదలే. వీళ్లకి తెలీకూడదు," అన్నాడు మెల్లగా.

"మీ కూరకి ఇది నప్పదండీ, వేరేది తెస్తాను," అన్నాను, అందరికీ వినబడేలా. అదే రకం గ్లాసులో నల్లద్రాక్ష రసం పోసి తెచ్చాను. ఆయన తిప్పి, వాసన చూసి, "అద్భుతం," అన్నాడు. నటన కాస్త ఎక్కువైంది.

"వాడికి పోసిందే నాకూ పొయ్యమ్మా," అన్నాడు పెద్దాయన.

ఆ రకం సీసా అయిపోయిందని అబద్ధమాడాను. తన కింద పనిచేసేవాడికి మంచిది పోసి తనకి లేదన్నానని ఆయన ఫిర్యాదు చేశాడు. మేనేజరు సంజాయిషీ అడిగాడు. నిజం రాస్తే నా ఉద్యోగం నిలుస్తుంది, కాని ఆ కాగితం పెద్దాయనకి చేరుతుంది. అందుకే పొరపాటు నాదేనని రాసిచ్చాను.

ఉంచుతారో తీసేస్తారో రేపు చెబుతారు. ఉద్యోగం పోతే నీ దగ్గరికే వస్తాను. ఉంటే మాత్రం ఇక మానమనకు.

నీ అక్క కూతురు