కుడికాలితో తన్నే బండి

1981 నవంబరు 1, ఆదివారం

మళ్ళీ స్కూటర్ మాటే. పొద్దున కాఫీతో సత్యవతి, మధ్యాహ్నం అన్నం దగ్గర అమ్మాయి, ఈ ఊళ్ళో పుట్టిన పిల్ల గనక హిందీలో. "పాపా, స్కూటర్ లే లో నా. సబ్‌కే పాపా కే పాస్ హై." అందరి నాన్నలకీ వుందట. అందుకే నాకొద్దు.

కొంటే మోటార్‌సైకిలే. రెండే వున్నాయి నా లెక్కలో — యెజ్డీ, బుల్లెట్. యెజ్డీ దూరాలకి. రెండువైపులా సంచులు కట్టుకుని వారం రోజులు తిరిగి రావచ్చు. బుల్లెట్ దర్జాకి. నిటారుగా కూర్చుని నిదానంగా వెళ్తుంటే వీధివాళ్ళు తలెత్తి చూడాలి. పదేళ్ళుగా ఈ రెండింటి మధ్యే ఊగుతున్నాను. అప్పుడు రెండు కాళ్ళూ సరిగ్గా వుండేవి, తొందర లేదు.

జనవరిలో మిల్లులో, ఎర్రగా కాలిన ఉక్కు నడిచే దారిలో, నిలబడకూడని చోట నిలబడ్డాను. తప్పు నాదే. కుడిపాదానికి మూడు వేళ్ళు పోయాయి. బూటులో దూది కుక్కుకుని నడుస్తున్నాను.

యెజ్డీకి కిక్కూ గేరూ ఎడమవైపు. బుల్లెట్‌కి రెండూ కుడివైపు. నీకు యెజ్డీయే రాసిపెట్టి వుంది అంటున్నారు అంతా. నా బండి రాసిపెట్టడానికి వీళ్ళెవరు?

నవంబరు 3

క్యాంటీన్లో నాయుడు. మిల్లులో పదిహేనేళ్ళు నా పక్కనే పనిచేశాడు, ఇప్పుడు యూనియన్లో పెద్దమనిషి. గొంతు తగ్గించి — "బావా, బోర్డు అయినదాక బండి ఊసెత్తకు. ఎవులైనా చూత్తే కొంప ములుగుద్ది. కుంటు. ఇంకో పిసరు ఎక్కువ కుంటు."

ఇరవై ఏడున మెడికల్ బోర్డు. నేను జీవితాంతం లైట్ జాబ్‌లోనే వుండాలా, మళ్ళీ మిల్లుకి పోవచ్చా అన్నది ఆరోజు తేలుస్తారు. ఆ కూర్చుని చేసే పని పోకూడదని, లైట్ జాబ్‌లో వున్నవాళ్ళంతా బోర్డుకి నెల ముందునుంచీ కుంటుడు సాధన చేస్తారు. నిన్న ఒకాయన టైమ్ ఆఫీసు వరండాలో మూడు రౌండ్లు కొట్టి "ఠీక్ హై నా?" అని నన్నే అడిగాడు. బాగుందన్నాను. నిజంగానే బాగుంది.

నాకు మిల్లు కావాలి. ఆ మాట నాయుడితో అంటే నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూశాడు.

నవంబరు 4

టైమ్ ఆఫీసు కిటికీ. ఇత్తడి హాజరు టోకెన్లు ఇవ్వడం, తీసుకోవడం. ఏడు నెలలుగా ఇదే. నా కింద పని నేర్చుకున్నవాళ్ళు, మూర్తి సాబ్ అని నోరారా పిలిచినవాళ్ళు, ఇప్పుడు నా ముఖం చూడకుండా చెయ్యి చాపుతున్నారు. వాళ్ళ తప్పు లేదు. కిటికీ అంత ఎత్తులో వుంది, చెయ్యి తప్ప ఏమీ కనబడదు.

అయినా కోపం వస్తుంది. వస్తుందంతే.

నవంబరు 5

ఈరోజు అసలు కుంటలేదు. నొప్పి మాత్రం ప్రాణం తీసింది.

నవంబరు 8, ఆదివారం

పక్క క్వార్టర్ ఘోష్ దాదా తన యెజ్డీ ఇచ్చాడు. పోయినేడు భార్యని ఎక్కించుకుని అమర్‌కంటక్ వెళ్ళొచ్చిన బండి. నందిని రోడ్డు మీద నేను, వెనక సత్యవతి.

ఎడమకాలితో ఒక్క తన్ను. ఇంజను అంటుకుంది. ఇంత సులువా అని ఒళ్ళు మండింది. గేర్లు వెన్నలా పడ్డాయి. సత్యవతి భుజం మీద చెయ్యి వేసి "బాగుందండీ" అని కూడా అంది.

అప్పుడు ఆవు అడ్డొచ్చింది. యెజ్డీకి వెనక బ్రేకు కుడికాలి కింద. తొక్కాను. ఎంత తొక్కానో కాలికి తెలియలేదు. వెనక చక్రం బిగుసుకుపోయి బండి అడ్డంగా జారింది. పడలేదు. ఆవు కదల్లేదు, మమ్మల్నే చూస్తూ నిలబడింది.

తిరిగొచ్చేటప్పుడు ఆమె రెండు చేతులతో సీటు పట్టుకునే కూర్చుంది. నాకు మాత్రం లోలోపల పండగ. బుల్లెట్‌కి బ్రేకు ఎడమకాలి కింద వుంటుంది. బయల్దేరడం కష్టమైనా ఆగడం నా చేతుల్లో వుంటుంది. ఇక ఎవరేం అంటారో అననీ.

నిజం రాయాలి — ఈ కారణం ఇవాళ దొరికింది. బుల్లెట్ ముందే తేల్చుకున్నాను.

నవంబరు 10

బుల్లెట్ అని ఇంట్లో చెప్పేశాను.

సత్యవతి — "ఏటండీ, డాక్టరు ఆ కాలిమీద బరువు ఎయ్యొద్దనీసినారా లేదా?"

అన్నాడు. డాక్టరు ఉప్పు కూడా తగ్గించమన్నాడు.

"తమరు పట్టిన కుందేటికి మూడే కాళ్ళు" అంది లోపలికి పోతూ. అమ్మాయికి ఈ సామెత తెలియదు. కుందేలు ఎక్కడిది అని హిందీలో అడిగింది.

నవంబరు 15, ఆదివారం

ఎలా రాయాలో తెలియడం లేదు. రాస్తాను.

సుపేలాలో సర్దార్జీ మిస్త్రీ షెడ్డు. అమ్మకానికి బుల్లెట్ వుంది — నల్లది, పాతదే, కానీ ఇంజను కొత్తగా విప్పి బిగించాడు. ఆదివారం సంత, రోడ్డంతా జనం. కూరగాయల సంచితో సత్యవతి పక్కనే.

"జోర్ మత్ లగాఓ సాబ్. సూయీ దేఖో." బలం పెట్టొద్దు, హ్యాండిల్ దగ్గర మీటరులో ముల్లు మధ్యకి వచ్చేదాకా మెల్లగా కిక్కు తిప్పు, చిన్న లీవరు నొక్కి వదులు, అప్పుడు ఒంటి బరువంతా వెయ్యి. రెండుసార్లు చెప్పాడు. పద్దెనిమిదేళ్ళు మిల్లు నడిపినవాడికి ఇది చెప్పాలా?

తన్నాను. ఆరుసార్లు. ఏడోసారి కిక్కు వెనక్కి తన్నింది. మిగిలిన వేళ్ళ దగ్గర నిప్పు పెట్టినట్టయింది. కార్బొరేటర్ బాగాలేదన్నాను. ఆడలేక మద్దెల ఓడన్నట్టు. మురుక్కాలవ గట్టున కూలబడ్డాను. ఉల్లిపాయలవాడు కూడా అమ్మడం ఆపి చూస్తున్నాడు.

సత్యవతి సంచి నా ఒళ్ళో పెట్టింది. కుచ్చిళ్ళు కాస్త పైకి దోపింది. ముల్లు చూసింది, లీవరు నొక్కింది, వదిలింది. కిక్కు మీద లేచి నిలబడింది, అంతే. బండి డుగ్ డుగ్ అని మొదలెట్టింది.

సర్దార్జీ నవ్వాడు. "భాభీజీ సమఝ్ గయీ." ఆవిడకి అర్థమైందట. ఎవరో చప్పట్లు కొట్టారు.

నేను లేచి, సంచి అక్కడే గట్టు మీద పెట్టి, రిక్షా ఎక్కి ఇంటికి వచ్చేశాను. ఆమెని అక్కడే వదిలేసి.

నవంబరు 16

అన్నం వడ్డించింది. తిన్నాను.

నవంబరు 17

ఆఖరికి ఆమే అంది.

"నన్ను సంతలో ఒగ్గీసి రిచ్చా ఎక్కి ఎలిపోనారు."

పొరపాటైందని నోటిదాకా వచ్చింది. బయటికి మాత్రం, "నలుగురిలో నువ్వెందుకు తన్నాలి?" అని వచ్చింది.

"పది నెల్లు మీ కాలు నానే కడిగినాను. కట్లు నానే కట్టినాను. అప్పుడు లేని సిగ్గు బండికాడ వొచ్చిందా?"

ఎంత చెడ్డగా ప్రవర్తించానో ఇక్కడ రాయగలుగుతున్నాను, ఆమెతో అనలేకపోతున్నాను.

నవంబరు 18

అన్నాను. "తప్పయింది" అని. వంటింటి గుమ్మంలో. ఆమె పప్పు ఏరుతోంది. "ఊఁ" అంది. ఒక రాయి తీసి పడేసింది.

నవంబరు 19

పొద్దున ఆరింటికి సర్దార్జీ షెడ్డు. ముల్లు, లీవరు, బరువు. కోపం లేకుండా తన్నడం నేర్చుకుంటున్నాను. నలభై రెండేళ్ళొచ్చాక.

నవంబరు 20

ముల్లు మధ్యకి వస్తోంది. బండి రావడం లేదు.

నవంబరు 22, ఆదివారం

వచ్చింది. కుడికాలితో. రెండో తన్నుకి. గేరు మడమతో వేశాను. సుపేలా నుంచి ఉతై రోడ్డు దాకా వెళ్ళి వచ్చాను. ఎక్కడ ఆపాలనుకుంటే అక్కడ ఆగింది.

బండి నాదే. సర్దార్జీ చేతిలో చెయ్యి వేశాను.

నవంబరు 24

సాయంత్రం నాయుడు ఇంటికొచ్చి వాకిట్లో బండి చూశాడు. గుండె మీద చెయ్యి పెట్టుకున్నాడు. "బోర్డుకి దీనిమీద రాకు బావా. పై గది కిటికీలోంచి అంతా చూత్తారు. కుంటి ఎదవ బుల్లెట్ తన్నీగలడంటే ఫిట్ అని రాసీసి మిల్లుకి తోలీగలరు."

"అందుకే దానిమీద వస్తున్నాను" అన్నాను.

"నీకు మతి పోనాది." టీ తాగి వెళ్ళాడు. వెళ్తూ బండి సీటు మీద ఒకసారి చెయ్యి రాశాడు.

నాకు నవ్వొచ్చింది. వాళ్ళు కుంటుతూ లోపలికి వెళ్ళనీ. నేను డుగ్ డుగ్ మంటూ వెళ్తాను. కిటికీ దగ్గరకొచ్చి చూడనీ ఆ ముగ్గురు డాక్టర్లూ.

నవంబరు 25

రాయకూడదనుకున్నాను, రాస్తున్నాను.

సత్యవతి బండి తుడుస్తోంది. తలెత్తకుండా అడిగింది — "యెజ్డీ ఎందుకొద్దన్నారు?"

"చెప్పాను కదా. కుడికాలికి బ్రేకు తెలియదు."

"బ్రేకు తెలీని కాలికి వేడి తెలుత్తాదా?"

గుడ్డ పిండి ఆరేసి లోపలికి పోయింది.

మిల్లులో నేల ఎలా వుంటుందో ఆమె చూడలేదు. నేను చూశాను. బూటు అడుగు కాలితే ముందు కాలికి తెలియాలి, అప్పుడే మనిషి పక్కకి దూకుతాడు. నా పక్కనున్నవాడు నన్ను నమ్ముకుని నిలబడతాడు.

నిన్న నవ్వినవాడిని నేనేనా?

నవంబరు 26

నాకు మిల్లు కావాలి. అయినా కావాలి. ఆ కిటికీ దగ్గర ఇంకో పదహారేళ్ళు టోకెన్లు పంచుతూ కూర్చోను. ఎవరు చెప్పినా సరే.

నవంబరు 27, శుక్రవారం, పొద్దున

బోర్డు పదింటికి. బండి మీదే వెళ్తాను, అందులో మార్పు లేదు. నాయుడు తల బాదుకోనీ.

బూటు విప్పమంటారు. కళ్ళు మూసుకోమని సూదితో గుచ్చుతారు. ఎక్కడ గుచ్చారో చెప్పమంటారు. మార్చిలో ఇలాగే చేశారు, అప్పుడు సగం ఊహించి చెప్పాను. సగం సరిపోయింది. ఇప్పుడు ఇంకా బాగా ఊహించగలను. డాక్టరు ఊపిరి పట్టి వదలడం వింటే చాలు.

సత్యవతి తనూ వస్తానంది. ఇంతకుముందెప్పుడూ రాలేదు. వద్దన్నాను. "ఎనక సీటు కాళీయే కదా" అంది. డాక్టర్ల ముందు ఏమైనా చెప్తావా అని అడిగాను.

"నానేటీ చెప్పను. గుమ్మం కాడ కూకుంటాను. మీరేటి చెప్తారో ఇంటాను."

తయారై బయట బండి పక్కన నిలబడింది. పసుపు చీర. నేనింకా ఇక్కడ కూర్చుని రాస్తున్నాను. కళ్ళు మూసుకుని అబద్ధం చెప్పడం నాకేమంత కష్టం కాదు. ఆమె వింటుండగా చెప్పగలనో లేదో.