పెరటి తలుపు గడియ

హేరన్, కుండలో సముద్రపు నాచు పులుసు ఉంది, వేడిచేసుకుని తిను. గోడ మీద ఆరేసిన నా డైవింగ్ సూటు నీడలోకి తియ్యి, ఎండకి రబ్బరు పాడవుతుంది. నేను మండలాఫీసుకి వెళ్తున్నాను.

మళ్లీనా అనకు. ధ్రువపత్రాలిచ్చే ఆ యంత్రం నిన్న మా డైవింగ్ గుంపులోని సున్‌దోక్ అక్క వేలిముద్ర పడటం లేదంది. నాదీ అంతే. ఇన్నేళ్లు సముద్రం అడుగున రాళ్ల మీంచి గుల్లలు పీకిన వేళ్లకి గీతలెక్కడ మిగులుతాయి? మనిషి కూర్చునే కౌంటరు ఎత్తేశారు. అడిగితే అక్కడి గుమాస్తా, "నాలుగు రోజులు నీళ్లలోకి దిగకుండా, చేతులకి క్రీము రాసుకుని రండి పెద్దమ్మా" అన్నాడు.

"ఆ నాలుగు రోజులూ నువ్వు వండిపెడతావా నాయనా?" అంది అక్క.

ఆ ధ్రువపత్రం నీ ఫోనులోనే వచ్చేలా చేసిపెడతానన్నావు. నాకు చేస్తావు, సరే. అక్కకి ఎవరున్నారు? కంటి ఆపరేషనుకి ఆమెకి ఆ కాగితం కావాలి. అందుకే ఇవాళ మా గుంపంతా సముద్రం మానేసి వెళ్తున్నాం. సియోల్‌లో మెత్తటి వేళ్లకి తయారుచేసిన ఆ యంత్రం మీద వరసగా అందరం వేలు పెడతాం. అది కాదన్న ప్రతిసారీ ఆ గుమాస్తా లేచి రావాలి. కౌంటరు మళ్లీ పెడతామనేదాకా కదిలేది లేదు.

అమ్మ

అన్నట్టు, నువ్వు ముచ్చటపడి వీధి తలుపుకి పెట్టించిన వేలిముద్ర తాళం నాకు ఒక్కసారీ తెరుచుకోలేదు. చిన్నబుచ్చుకుంటావని చెప్పలేదు, పెరట్లోంచే వస్తున్నాను. ఇవాళ ఆలస్యమవుతుంది. గడియ పెట్టకు.