ఆదివారాలు లెక్కలోకి రావు

ఫిబ్రవరి 22, 2012, బుధవారం

ఈ రోజు నుంచి లిదియాతో గొడవ పడను! ఈస్టర్ దాకా!

మొన్న ఆదివారం వాళ్లింట్లో టీవీలో సినిమా చూశాం. ఇద్దరు ఆడపిల్లలు. ఒకే బెంచీ, ఒకే సైకిల్, అచ్చం మాలాగే. చివర్లో ఒకమ్మాయి ఊరొదిలి బస్సెక్కింది. రెండో అమ్మాయి వెనకాల పరుగు... కరెంటు పోయింది! మా నారాయణఖేడ్ కరెంటుకు దయాదాక్షిణ్యాలు లేవు.

జూన్‌లో లిదియా కూడా హైదరాబాద్ హాస్టల్‌కు వెళ్లిపోతుంది. ఉన్న నాలుగు నెలలూ పోట్లాటలతో పాడుచేసుకోకూడదు. వాళ్లకు ఇవాళే నలభై రోజుల ఉపవాసాలు మొదలు. లిదియా మటన్ మానేసింది. నేను గొడవ మానేశాను. నాదే కష్టం.

ఫిబ్రవరి 24

నా కంపాస్ అడక్కుండా తీసుకుని ముల్లు విరగ్గొట్టింది. చిరునవ్వు నవ్వాను.

"ఏందే సంతోషీ, జరమొచ్చిందా?" అని నా నుదురు పట్టి చూసింది.

నోరు జారకుండా నోటినిండా నీళ్లు పోసుకుని కూర్చున్నాను. అది కోతిమొహం పెట్టింది. నీళ్లన్నీ దాని హిందీ నోట్సు మీద! గొడవ కాదు, ప్రమాదం.

ఫిబ్రవరి 26, ఆదివారం

శుభవార్త! లిదియా మటన్ తింటూ దొరికిపోయింది.

"ఉపాసం కదనే?" అన్నాను.

వాళ్లమ్మ అమృతమ్మ నవ్వింది. "ఆదివారాలు లెక్కల రావు బిడ్డా."

అయితే నాకూ రావు! వెంటనే కంపాస్ సంగతి తీశాను. ఇద్దరం కడుపునిండా తిట్టుకున్నాం. ఎంత హాయిగా ఉందో!

మార్చి 4, ఆదివారం

వారమంతా దాచుకున్న గొడవలన్నీ పట్టుకుని చర్చి గేటు దగ్గరే కాపు కాశాను. అన్నీ అయ్యాయి. ఆఖరున సినిమా మీదికి పోయింది మాట. ఆ పిల్లలు మళ్లీ కలిసే ఉంటారని నేను.

"కలువరు. హాస్టల్ పోయినోళ్లు మల్ల యాడ కలుస్తరే?"

సినిమాలో హాస్టలే లేదు!

"పోయేదైతే ఇప్పుడే పో!" అన్నాను. అది వెళ్లిపోయింది.

మార్చి 5

మాట్లాడలేదు. మాట్లాడకపోతే గొడవెక్కడిది? దీక్ష భద్రం.

మార్చి 8

హోలీ. రంగు కలుపుకుని గుమ్మంలో నిలబడ్డాను. అది రాలేదు. దీక్ష బ్రహ్మాండంగా సాగుతోంది. ఏడుపొచ్చింది.

మార్చి 11, ఆదివారం

అదే సినిమా మళ్లీ వేశారు! పిలవకుండానే వాళ్లింటికి వెళ్లాను. అది ఆ చివర, నేను ఈ చివర. మాటల్లేవు. కరెంటు మాత్రం బంగారంలా ఉంది.

బస్సు కదిలింది. లిదియా దాహమంటూ లేచింది. నాకూ దాహమేసింది. కలవకపోతే? చూడటం నావల్ల కాదు. కుండ పక్కనే మెయిన్ స్విచ్. చెయ్యి వేశాను. అక్కడ అప్పటికే దాని చెయ్యి ఉంది.

టక్!

"మల్ల పోయిందా కరెంటు!" లోపలి నుంచి అమృతమ్మ.

ఇద్దరం కుండ దగ్గరే నవ్వి నవ్వి కూలబడ్డాం. అది కళ్లు తుడుచుకుంది. "నాకు పోబుద్ధి అయితలేదే," అంది. నాకూ పంపబుద్ధి కాలేదు, ఆ మాటే చెప్పాను. తర్వాత స్విచ్ ఎవరు కట్టేశారన్న దాని మీద పెద్ద గొడవ. నేనే!

మార్చి 12, సోమవారం

ఈ రోజు నుంచి లిదియాతో గొడవ పడను! ఈసారి ఖాయం!

హాస్టల్‌లో ఆదివారం ఒక్కరోజే ఫోన్ ఇస్తారట. బడికి వెళ్తుంటే చెప్పింది.

"గప్పుడు కొట్లాడుదాం తియ్యి. ఎట్లాగూ లెక్కల రాదు."